పేరు పెట్టినోడిదే సంధి

ఒక తీరానికి మూడు పేర్లు. ఇంగ్లీషువాళ్ల పటాల్లో మొదట అది 'పైరేట్ కోస్ట్', ఓడదొంగల తీరం. ఆ తర్వాత 'ట్రూషియల్ కోస్ట్', సంధి తీరం. 1971 డిసెంబర్ 2 నుంచి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్. మొదటి రెండు పేర్లూ అక్కడ పుట్టి పెరిగినవాళ్లు పెట్టుకున్నవి కావు. వాళ్లు తమ నేలను సాహిల్ ఉమాన్ అనుకునేవాళ్లు, ఒమన్ తీరమని. మీ నేలను మీరేమంటారని వాళ్లనెవరూ అడగలేదు. ముందు దొంగ అన్నారు. తర్వాత దొంగతనం మానేస్తామని కాగితం రాయించుకున్నారు. చివరికి ఆ కాగితం పేరునే ఆ నేలకు తగిలించారు.

ముద్ర పడటం అంటే ఏమిటో, అది ఎన్ని తరాలు ఒంటికి అంటుకుని ఉంటుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే ఈ సంధి పత్రాల్ని చరిత్ర పుస్తకంలోని తేదీల్లాగా కాక, ఒక రచనను చదివినట్టు చదవదల్చుకున్నాం. ఇందులో మాట్లాడుతున్నదెవరు? ఎవరి నోట ఎవరి మాట పలుకుతోంది? అసలు మాటే దక్కనివాళ్లు ఎవరు? ఈ మూడు ప్రశ్నలే మా కొలబద్ద.

1819 చివర్లో బొంబాయి నుంచి మేజర్ జనరల్ విలియం గ్రాంట్ కీర్ నాయకత్వంలో సైన్యం బయల్దేరింది. ఇంగ్లండు పటాలాలతో పాటు బొంబాయి సిపాయిలూ ఉన్నారు. డిసెంబర్ 9న రస్ అల్ ఖైమా పడిపోయింది. అది అల్ ఖవాసిం తెగ పట్టణం. కోటలు కూల్చారు, ఓడలు తగలబెట్టారు. నెల తిరక్కుండా, 1820 జనవరి 8న, 'సాధారణ శాంతి ఒప్పందం' మీద సంతకాలు మొదలయ్యాయి. కాలిన ఓడల వాసన పోకముందే తయారైన శాంతి అది. ఆ తీరంలోని షేకులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మొహర్లు వేశారు.

ఆ ఒప్పందంలో మమ్మల్ని ఆపేసింది రెండో షరతు. యుద్ధం ఏది, దోపిడీ ఏది అని అది నిర్వచనం చెబుతుంది. ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వం మీద చాటింపు వేసి, ఒప్పుకుని, ఆజ్ఞ ఇచ్చి చేస్తే యుద్ధం. అవేవీ లేకుండా మనుషుల్ని చంపినా, సరుకు పట్టుకున్నా ఓడదొంగతనం. అలా చేసినవాడు మనుషులందరికీ శత్రువు. వాడి ప్రాణానికీ సొత్తుకీ రక్షణ లేదు. చదవడానికి ఎంత న్యాయంగా ఉంది! ఎవరు కాదంటారు? కానీ ఇక్కడే అసలు ప్రశ్న. ప్రభుత్వం అంటే ఎవరు? లండన్‌లో పెట్టిన ఒక వ్యాపార కంపెనీ ఫిరంగులతో ఊరు తగలబెడితే అది ప్రభుత్వం ఆజ్ఞ. తరతరాలుగా ఆ నీళ్లమీద ఓడలు నడిపిన తెగ పెద్ద ఆజ్ఞ ఇస్తే అది దోపిడీ. చేసిన పని ఒకటే. చేసినవాడిని బట్టి దాని పేరు మారిపోయింది. నిర్వచనం ఎవరి చేతిలో ఉంటే నేరం ఎదుటివాడిదవుతుంది.

ఖవాసిం ఓడలు ఎవరినీ దోచలేదని మేం అనడం లేదు. దోచాయి. కంపెనీ ఓడలూ పట్టుకున్నాయి, మస్కట్ ఓడలూ పట్టుకున్నాయి. ఆ కాలంలో ఆ సముద్రంలో అందరూ అదే చేశారు. ఒక్కరికే ఆ పేరు నిలిచింది. ఖవాసిం అన్న మాట ఆ తీరపు యాసలో 'జవాసిం' అని పలుకుతుంది. దాన్ని ఇంగ్లీషువాళ్లు 'జోస్మీ' అని రాసుకున్నారు. క్రమంగా వాళ్ల ఉత్తరాల్లో జోస్మీ అంటేనే దొంగ అయిపోయింది. తెగ పేరు నేరం పేరయింది. ఖవాసిం అప్పటి సౌదీ వహాబీలతో పొత్తు పెట్టుకున్నారు కాబట్టి ఈ దోపిడీకి మతోన్మాదమే కారణమన్న వివరణ కూడా ఆ ఉత్తరాల్లో చేరింది. సరుకు మీద, రేవుల మీద, సుంకాల మీద నడిచిన తగాదాకి ఒక మతం పేరు దొరికింది. ఈ పద్ధతి పాఠకులకు కొత్త కాదనుకుంటాం.

కానీ దీన్ని ఇస్లాం మీద క్రైస్తవుల దండయాత్రగా చదివితే అదీ అబద్ధమే అవుతుంది. 1819లో కంపెనీ పక్కన నిలబడి ఓడలిచ్చింది మస్కట్ పాలకుడు సయ్యద్ సయీద్. ఆయనా ముస్లిమే, అరబ్బే. ఖవాసిం పడిపోవడం ఆయనకూ లాభమే. సామ్రాజ్యం ఎక్కడా ఒంటరిగా రాదు. ఇంటి తగాదాలో ఒక పక్షం పిలిస్తేనో, ఒప్పుకుంటేనో గడప దాటుతుంది.

ఆ ఒప్పందాన్ని కూర్చడంలో ముఖ్యుడు కెప్టెన్ థామస్ పెరొనెట్ థాంప్సన్. దుబాసీగా వచ్చిన మనిషి. బానిస వ్యాపారాన్ని నిజంగా అసహ్యించుకున్నవాడు. ఆఫ్రికా తీరం నుంచి మనుషుల్ని ఎత్తుకురావడం కూడా ఓడదొంగతనమేనని తొమ్మిదో షరతు చేర్చాడు. ఈ మంచి మనిషే ఏడాది తిరక్కుండా ఏం చేశాడో చూడండి. ఒమన్‌లోని బనీ బూ అలీ తెగను ఓడదొంగలంటూ, మస్కట్ పాలకుడితో కలిసి 1820 నవంబర్‌లో వాళ్ల మీదికి వెళ్లాడు. ఘోరంగా ఓడిపోయాడు. బొంబాయి సిపాయిల్లో చాలామంది అక్కడే చచ్చారు. 1821లో ఇంకో పెద్ద సైన్యం వెళ్లి ఆ తెగను అణిచివేసింది. థాంప్సన్ మీద సైనిక విచారణ జరిగింది, మందలింపుతో వదిలేశారు. నిర్వచనం రాసిన చెయ్యే దాన్ని అంత తేలిగ్గా వాడేసింది. రాసినవాడి మంచితనం రాసిన కాగితాన్ని మంచిది చెయ్యలేదు.

ఇంకో షరతు జెండా గురించి. సంధిలో చేరిన అరబ్బులు ఎర్రజెండాకి తెల్లటి అంచు వేసుకోవాలి. ఎరుపు వాళ్లదే, ఎప్పట్నుంచో ఉన్నదే. తెలుపు మాత్రం లొంగినందుకు గుర్తు. ఇవాళ ఆ తీరంలోని దుబాయ్, అజ్మాన్, షార్జా జెండాలు ఎరుపు తెలుపులే. అవి ఇప్పుడు వాళ్ల గౌరవం. ఎవరో అంటించిన గుర్తును మనుషులు తమ సొంతం చేసుకోగలరు. అది బతికే పద్ధతుల్లో ఒకటి, దాన్ని మేం తక్కువ చేయం. కానీ ఆ తెలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో మర్చిపోవడం వేరే సంగతి.

తెలుగువాళ్లకి ఈ గొడవతో ఏం పని అని అడిగేవాళ్లుంటారు. తేదీలు చూద్దాం. 1798 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో నిజాం అలీ ఖాన్‌తో కంపెనీ సంధి చేసుకుంది. ఫ్రెంచి అధికారుల కింద ఉన్న పటాలాల్ని రద్దు చెయ్యాలి, వాటి స్థానంలో కంపెనీ పటాలాల్ని తన ఖర్చుతో పోషించాలి. దాదాపు ఆరు వారాలకి, అక్టోబర్ 12న, మస్కట్ పాలకుడితో కంపెనీ ఇంకో కౌల్‌నామా రాయించుకుంది. అక్కడా ఫ్రెంచివాళ్లకు చోటివ్వకూడదన్నదే సారాంశం. దాన్ని కుదిర్చింది మెహదీ అలీ ఖాన్, కంపెనీ తరఫున పనిచేసిన ముస్లిమే. మధ్యలో ఉన్నది టిప్పు సుల్తాన్. మస్కట్‌లో ఆయనకి వ్యాపార కోఠీ ఉండేది. హైదరాబాద్‌లో ఒక తలుపు, మస్కట్‌లో ఒక తలుపు మూసి, 1799లో శ్రీరంగపట్నం మీద పడ్డారు. కాబట్టి ఆ తీరపు సంధులు మన కథకు బయటివి కావు. ఒకే చెయ్యి, ఒకే కలం.

1800లో నిజాంతో ఇంకో సంధి. సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు కంపెనీకి పోయాయి. రాయలసీమ దత్తమండలం అయింది అలాగే. ముందుగా చెప్పి సంప్రదించకుండా ఏ రాజ్యంతోనూ నిజాం మంతనాలు జరపకూడదన్న షరతు కూడా అందులో ఉంది. ఆ షరతును జ్ఞాపకం పెట్టుకోండి. తొంభై రెండేళ్ల తర్వాత అది ఇంకా బిగిసి గల్ఫ్ తీరంలో కనిపిస్తుంది.

అక్కడ పని మెల్లగా జరిగింది. 1835లో ముత్యాల వేట కాలానికి మాత్రమే, కొన్ని నెలల సంధి. సముద్రం మీద ఎవరూ ఎవరితో కొట్లాడుకోవద్దు. ఏటా తిరగరాశారు. 1843లో పదేళ్లకు పొడిగించారు. 1853లో 'శాశ్వత సంధి' చేశారు. దీనివల్ల మేలు జరగలేదనడం అన్యాయం. పడవలు భయం లేకుండా ముత్యాల దిబ్బలకు వెళ్లాయి. వ్యాపారం పెరిగింది. కానీ తగాదా వస్తే తీర్చేవాడు ఎవరు? బూషహర్‌లో కూర్చున్న రెసిడెంటు. రెసిడెంటు అంటే ఎవరో హైదరాబాద్ వాళ్లకి చెప్పే పనిలేదు. కోఠీలో ఆయన మహల్ ఇంకా నిలబడే ఉంది. శాంతి కావాలంటే పంచాయితీ పెద్ద కావాలి. ఆ పెద్దరికం శాశ్వతం కావాలంటే సంధి శాశ్వతం కావాలి.

1892 మార్చిలో అసలు రూపం బయటపడింది. ఆ తీరపు షేకులందరూ ఒకే నమూనా మీద సంతకాలు చేశారు. బ్రిటిష్ ప్రభుత్వంతో తప్ప ఇంకే రాజ్యంతోనూ ఒప్పందం గానీ ఉత్తర ప్రత్యుత్తరాలు గానీ చెయ్యం. వాళ్ల అనుమతి లేకుండా ఇంకో ప్రభుత్వం మనిషిని మా నేలమీద ఉండనివ్వం. వాళ్లకి తప్ప ఎవరికీ మా నేల ఇవ్వం, అమ్మం, తాకట్టు పెట్టం. ఆ కాగితంలో మాట్లాడేది 'నేను'. నేనూ, నా వారసులూ, నా తర్వాత వచ్చేవాళ్లూ అని షేకు మాట్లాడతాడు. కానీ ఆ 'నేను' రాసింది షేకు కాదు. ఆరుగురు షేకులు ఒకే మాటల్లో, ఒకే వరుసలో, ఒకే 'నేను' ఎలా పలుకుతారు? ఇంకొకడి నోట్లో తన మాట పెట్టి, వాడి చేత ప్రమాణం చేయించడం ఈ పత్రాల రచనా పద్ధతి. ఇంకో విషయం. ఇంత ప్రమాణానికి బదులుగా మిమ్మల్ని కాపాడతామన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఇచ్చేవాడి మాటలన్నీ రాతలో ఉన్నాయి. పుచ్చుకునేవాడి బాధ్యత రాతలో లేదు.

1899 జనవరిలో కువైట్ షేక్ ముబారక్‌తో రహస్యంగా ఇలాంటిదే జరిగింది. ఆయన తన ఇష్టంతోనే కట్టుబడుతున్నట్టు ఆ పత్రం చెబుతుంది. అందుకు ప్రతిఫలం 15,000 రూపాయలు. అవును, రూపాయలే. ఆ తీరం లెక్కలన్నీ రూపాయల్లోనే నడిచాయి. 1916లో ఖతార్ వంతు. 1922లో చమురు. బ్రిటిష్ ప్రభుత్వం చూపించినవాళ్లకి తప్ప చమురు హక్కులివ్వమని తీరం షేకులు రాసిచ్చారు. చమురు దొరక్కముందే దాని మీద మొహరు పడింది.

ఈ రూపాయల దగ్గర మనం ఒక్క క్షణం ఆగాలి. 1947 దాకా ఆ సంధులు నడిపిన రెసిడెంటు మొదట బొంబాయికీ, 1873 నుంచి కలకత్తా, ఢిల్లీల్లోని భారత ప్రభుత్వానికీ జవాబుదారీ. అక్కడికి వెళ్లిన సామ్రాజ్యం 'ఇండియా' పేరుతో వెళ్లింది. 'మనల్ని బ్రిటిష్ వాళ్లు పాలించారు' అన్న ఒక్క వాక్యంతో మన చరిత్ర పూర్తయిపోదు. మన పన్నులతో, మన సిపాయిలతో, మన గుమాస్తాలతో వాళ్లు ఇంకొకళ్లనీ పాలించారు.

ఈ పాలనకి ఒక పెద్ద గ్రంథం ఉంది. జె.జి. లోరిమర్ కూర్చిన 'గెజెటీర్ ఆఫ్ ది పర్షియన్ గల్ఫ్'. ప్రాంతాల వివరాలు 1908లో, చరిత్ర భాగం 1915లో కలకత్తా ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. చాలా దశాబ్దాలు అధికారులకు తప్ప ఎవరికీ అందలేదు. ఏ ఊళ్లో ఎన్ని ఖర్జూరపు చెట్లు, ఎన్ని ఒంటెలు, ఎన్ని ముత్యాల పడవలు, ఏ తెగవాళ్లు ఎన్ని ఇళ్లు, అన్నీ ఉన్నాయి. ఇవాళ ఆ తీరం చరిత్ర రాసే ఎవరికైనా ఈ పుస్తకం లేకుండా గడవదు. అదే దాని బలం, అదే దాని ప్రమాదం. చెట్ల లెక్క నిజం కాబట్టి పక్క పేజీలోని 'దొంగ' అన్న మాట కూడా నిజమని మనసు నమ్మేస్తుంది. 1903 నవంబర్‌లో కర్జన్ షార్జా దగ్గర ఓడమీద దర్బారు పెట్టి, మీరు కొట్టుకు చస్తుంటే మేమొచ్చి శాంతి తెచ్చామన్న అర్థంలో షేకులకి ఉపన్యాసం ఇచ్చాడు. ఆ ఉపన్యాసానికి ఆధారాలు సమకూర్చిన గ్రంథంలా లోరిమర్ పుస్తకం కనిపిస్తుంది.

దీనికి జవాబు ఆ తీరం నుంచే వచ్చింది. 1972లో షార్జా గద్దె ఎక్కిన షేక్ సుల్తాన్ బిన్ ముహమ్మద్ అల్ ఖాసిమీ 1986లో 'ది మిథ్ ఆఫ్ అరబ్ పైరసీ ఇన్ ది గల్ఫ్' అచ్చువేశారు. బొంబాయి దస్తావేజుల్నే తవ్వి, కంపెనీ కాగితాలతోనే కంపెనీని నిలదీశారు. దొంగతనం కథ అల్లింది గల్ఫ్ వ్యాపారం చేతికి చిక్కించుకోవడానికేనని ఆయన వాదన. ముద్ర పడ్డ జాతి మనిషి ముద్ర వేసినవాడి బీరువా తెరిచి చదవడం చిన్న విషయం కాదు. ఆ పని మాకు ఎంతో ఆత్మగౌరవం ఇచ్చింది. తర్వాత 1997లో చార్లెస్ డేవిస్ పుస్తకం వచ్చి రెండు వాదనల్నీ మళ్లీ పరీక్షకు పెట్టింది. అదీ మంచిదే. ఆత్మగౌరవం ప్రశ్నకు భయపడకూడదు.

మా ప్రశ్న ఇంకొకటి. ఖాసిమీ గారు తన పూర్వీకుల మొహరుకి గౌరవం తిరిగి తెచ్చారు. మొహరే లేనివాళ్ల సంగతి? ముత్యం కోసం ముక్కు బిగించుకుని సముద్రం అడుక్కి దిగినవాళ్లు, పైన తాడు లాగినవాళ్లు, నాఖుదా దగ్గర తీసుకున్న అప్పు తీరక ఏడాదికేడాది అదే పడవ ఎక్కినవాళ్లు? వాళ్లలో ఎంతోమంది ఆఫ్రికా నుంచీ, బలూచిస్తాన్ తీరం నుంచీ తెచ్చిన బానిసలు. 1820లో తొమ్మిదో షరతు ఉంది. 1847లో సముద్రం మీద బానిసల్ని తేవడం మానేస్తామని షేకులు మళ్లీ రాసిచ్చారు. అయినా ఇళ్లలో, పడవల్లో బానిసత్వం నడుస్తూనే ఉంది. ముత్యాల వ్యాపారం దెబ్బతింటుందని ఇంగ్లీషు అధికారులు దాని జోలికి వెళ్లడానికి వెనకాడారు. ఆ వ్యాపారం మీదే షేకుల ఆదాయం, బొంబాయి సేట్ల ఆదాయం ఆధారపడ్డాయి. ట్రూషియల్ తీరంలో బానిసత్వం రద్దయింది 1963లో.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో కొందరు బానిసలు పారిపోయి షార్జాలో, బహ్రెయిన్‌లో ఉన్న ఇంగ్లీషు ఏజెంట్ల దగ్గరికి వచ్చి విడుదల పత్రం అడిగారు. నా పేరిది, నన్ను ఫలానా చోట ఎత్తుకొచ్చారు, ఫలానావాడికి అమ్మారు అని వాంగ్మూలం ఇచ్చారు. గుమాస్తా రాసుకున్నాడు. ఆ కొన్ని పేజీల్లో మాత్రం కింది మనిషి 'నేను' అని చెప్పుకోగలిగాడు. అదీ ఇంకొకడి కలంతో, ఇంకొకడి భాషలో. 1892 కాగితంలో షేకు చెప్పిన 'నేను' పక్కన ఈ 'నేను' పెట్టి చదవాలి. అప్పుడు గానీ ఆ తీరం మనకి పూర్తిగా కనిపించదు.

ఇదే ప్రశ్న మేం మా ఇంటికీ వేసుకోవాలి. హైదరాబాద్‌కీ అరబ్బు తీరానికీ ఉన్న బంధం బార్కస్ వీధుల్లో ఇవాళ్టికీ నడుస్తోంది. నిజాం కొలువులో జమాదారుగా ఎదిగిన హద్రమౌత్ మనిషి ఉమర్ బిన్ అవద్ అల్ ఖుయైతీ. ఆయన కొడుకులు 1867లో షిహర్ రేవునీ, 1881లో ముకల్లానీ గెలిచారు. హైదరాబాద్ కొలువులో కూడబెట్టిన డబ్బే దానికి బలం. 1882లో ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం, 1888లో వాళ్ల రక్షణ కిందికి వెళ్లే సంధి. 1967 దాకా ఆ రాజ్యం నిలిచింది. అంటే అరబ్బు తీరం పాలకులతో చేసుకున్న ఆ సంధి మీద ఉన్న మొహర్లలో ఒకటి మన జమాదారు ఇంటిది. దీన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లు మాలో ఉన్నారు. చెప్పుకోనీయండి. కానీ అదే హైదరాబాద్‌లో బర్ఛీ పట్టి నిలబడ్డ మామూలు అరబ్బు సిపాయి సంగతేంటి? 1948 పోలీసు చర్య తర్వాత వాళ్లు 'విదేశీయులు' అయ్యారు. తరాలుగా ఇక్కడ పుట్టినవాళ్లని కూడా నిర్బంధించారు. కొందరిని ఓడలెక్కించి పంపేశారు. జమాదారుకి సంధి ఉంది. సిపాయికి ఒక పేరు మాత్రం మిగిలింది.

ఆ సంధులన్నీ 1971తో రద్దయిపోయాయి. అంతా పాత కథే కదా అంటారా? కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కి పోయిన ఏ ఇంట్లోనైనా అడగండి. హిందువునైనా, ముస్లింనైనా అడగండి. కఫీల్ అంటే ఎవరో చెబుతారు. కఫీల్ సంతకం లేకుండా మనిషి అక్కడ అడుగుపెట్టలేడు. పని మారాలన్నా, ఇంటికి రావాలన్నా ఎన్నో ఏళ్లు ఆ సంతకమే కావాల్సి వచ్చింది. ఈ కఫాలా పద్ధతి ఎడారి అరబ్బుల ఆచారమని చాలామంది అనుకుంటారు. చరిత్రకారుడు ఒమర్ అల్ షెహాబీ అలా కాదంటాడు. బహ్రెయిన్‌లో పరాయి దేశస్తుల మీద అధికారాన్ని తమ చేతుల్లోకి తీసుకున్న ఇంగ్లీషువాళ్లు, ముత్యాల పడవలకి వచ్చే కూలీల్ని అదుపు చెయ్యడానికి వేసిన పునాది మీద అది నిలబడిందని ఆయన వాదన. 2020లో ఖతార్ లాంటి చోట్ల కొన్ని నియమాలు సడలాయి. మాట మాత్రం మిగిలే ఉంది. యజమాని దగ్గర్నుంచి వెళ్లిపోయిన కూలీని అక్కడి కాగితాలు 'పారిపోయినవాడు' అంటాయి. మనవాళ్లు నవ్వుతూ 'ఖల్లివల్లి' అంటారు.

1820లో ప్రభుత్వం ఆజ్ఞ లేకుండా ఓడ నడిపినవాడు దొంగ. ఇప్పుడు కఫీల్ ఆజ్ఞ లేకుండా కూలికి పోయినవాడు దొంగ. అప్పుడు ముద్ర వేయించుకున్న ఇళ్లే ఇప్పుడు ముద్ర వేస్తున్నాయి. జీతం ఇవ్వనందుకే వచ్చేశానని వాడు చెప్పే మాట ఆ కాగితంలో రాసుకోవడానికి గడి లేదు. ఆ గడి ఎవరు గీస్తారన్నదే మా ప్రశ్న.